తల ఎటువైపు

ఆసుపత్రిలో ఆమెను అందరూ ఫోటో అక్క అనేవారు. ఊడ్చేవాళ్లదీ అదే పిలుపు, పెద్ద డాక్టర్లదీ అదే పిలుపు. వయసులో ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు. కొత్తలో నవ్వొచ్చేది. తర్వాత తర్వాత ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకునేంతగా అలవాటైపోయింది.

ఆమె పని మార్చురీలో. ఊరూ పేరూ తెలియకుండా వచ్చి చేరిన శవాలకు ఫోటోలు తీయాలి. ముఖానికి పైనుంచి ఒకటి, అటూ ఇటూ చెరొకటి, ఒంటిమీద మచ్చలో పచ్చబొట్లో ఉంటే వాటికి వేరుగా. తీసినవాటిని లోపలి గదిలో తన కంప్యూటర్లోకి ఎక్కించుకుని, పైనుంచి తీసిన ముఖాన్ని మాత్రం ముందు గదికి పంపాలి. మనిషి కనబడకుండా పోయాడని వెతుక్కుంటూ తిరిగేవాళ్లు ముందు గదిలో బెంచీమీద కూర్చుంటారు. వాళ్లకు మొదట ఫోటో చూపిస్తారు. అవునంటేనే తలుపు తీసి మనిషిని చూపిస్తారు. కాదంటే వాళ్లు కాసేపు ఊపిరి పీల్చుకుని, ఇంకో ఆసుపత్రి అడ్రసు కనుక్కుని వెళ్లిపోతారు.

"నీ పని హాయి వదినా, కదిలేవాళ్లు లేరు" అనేది ఆడపడుచు.

"కదలరు. కళ్లు మూసుకుపోయాయి, మళ్లీ తీయమని పేచీ కూడా పెట్టరు" అనేది ఆమె.

ఇద్దరూ నవ్వేవాళ్లు. నవ్వడం అయ్యాక ఎవరి పనిలో వాళ్లు పడేవాళ్లు.

అంతకుముందు ఆమెది స్టూడియో. ఆమెది అంటే మామగారిది. కోడలిగా వచ్చి అసిస్టెంటుగా తేలింది. భర్తకు ఆ పని పట్టలేదు. చీకటి గదిలో ఊపిరాడదనేవాడు. ఒకనాడు తినడానికి కూర్చుని, నీళ్లడిగి, ఆమె గ్లాసు తెచ్చేలోగా పోయాడు. గ్లాసు చాలాసేపు ఆమె చేతిలోనే ఉండిపోయింది. చివరికి ఎవరో తీసుకుని బల్లమీద పెట్టారు. ఆ తర్వాత కొడుకు చేయాల్సిన పనంతా మామగారు కోడలికే నేర్పించాడు. ముఖంమీద వెలుగు ఎటునుంచి పడాలో, గడ్డం ఎంత దించమనాలో, నవ్వమంటే బిగుసుకుపోయేవాళ్లతో ఏ కబురు చెప్పాలో అన్నీ నేర్పించాడు.

ఆయన పాత కాలపు మనిషి. మూడు కాళ్లమీద నిలబెట్టే పెద్ద పెట్టె కెమెరా, దాని వెనక నల్లగుడ్డ, ఆ గుడ్డలో తల దూర్చి చూస్తే గాజు పలకమీద ఎదుటి మనిషి తలకిందులుగా కనిపించేవాడు. జీవితంలో సగం ఆయన జనాన్ని తలకిందులుగానే చూశాడు.

"తలకిందులుగా చూస్తే ముఖం ముఖంలా ఉండదమ్మాయ్" అనేవాడు. "వెలుగు కనబడుతుంది, నీడ కనబడుతుంది. ముక్కెక్కడుందో తెలుస్తుంది గానీ ఎవరి ముక్కో తెలియదు. ఒకసారి మా అన్నయ్యే వచ్చి కూర్చున్నాడు. గుడ్డలోంచి తల బయటికి తీసేదాకా నేను ఆనవాలు పట్టలేదు."

"అప్పుడేమన్నారు మామయ్యా?"

"ఏమంటాను. డబ్బులు అడగడానికి మొహమాటపడ్డాను."

ఫోన్లు వచ్చి ఎవరి ముఖం వాళ్లే తీసుకోవడం మొదలయ్యాక స్టూడియోకి పాస్‌పోర్టు ఫోటోలవాళ్లు మాత్రమే మిగిలారు. తర్వాత వాళ్లూ తగ్గారు. షట్టరు దించేశాక ఎవరో చెబితే ఆసుపత్రిలో చేరింది. మామగారికి చూపు తగ్గింది. కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంటాడు. సాయంత్రం ఆమె చెప్పులు విప్పుతున్న చప్పుడు వినగానే అడుగుతాడు.

"ఇవాళ ఎంతమంది కూర్చున్నారమ్మాయ్?"

"కూర్చోలేదు మామయ్యా, పడుకున్నారు."

"వెలుగు?"

"ట్యూబులైట్లే."

"ట్యూబులైటు కింద ఎవరైనా చచ్చినట్టే ఉంటారు" అంటాడాయన. ప్రతిసారీ అంటాడు. ఆమె ప్రతిసారీ పొయ్యి దగ్గరకు వెళ్లిపోతుంది.

ఆమెకు ఏమీ అనిపించకుండా పోయి చాలా కాలమైంది. ఎప్పుడు మొదలైందో ఆమెకే తెలియదు. మఠం వేసుకుని కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, ఎక్కుతున్నప్పుడు తెలియదు, లేవబోతే తెలుస్తుంది. ఆమెకు లేవాల్సిన అవసరం రాలేదు. ఉదయం బస్సు, తాళాలు, స్టూలు, కెమెరా, సాయంత్రం బస్సు. మొదట్లో ముందు గదిలోంచి ఏడుపులు వినిపిస్తే లోపలి తలుపు వేసుకునేది. తర్వాత వేసుకోవడం మానేసింది. తలుపు తీసి ఉన్నా వేసి ఉన్నా ఒకటే అయింది. అయితే ముందు గదిలోకి మాత్రం వెళ్లేది కాదు. అక్కడ తనకు పని లేదు అనేది. అక్కడి పని తాళాల తాతది.

తాళాల తాత మార్చురీ మనిషి. నడుముకు తాళాల గుత్తి కట్టుకుని తిరుగుతాడు. ఆయన వస్తున్నాడంటే గుత్తి ముందే చెబుతుంది. "లోపలున్నవాళ్లు తయారుగా ఉండాలి కదా, అందుకే చప్పుడు" అంటాడు.

కెమెరా ఆసుపత్రిది. చిన్నదే గానీ తెలివైనది. దానికి పైవైపు ఎటో తెలుసు. నేల ఎటు లాగుతోందో లోపల ఉన్న ఒక చిన్న వస్తువు పసిగడుతుంది. నిలువుగా పట్టుకుని తీస్తే నిలువని, అడ్డంగా పట్టుకుంటే అడ్డమని, తిరగేసి పట్టుకుంటే తిరగేశారని గుర్తు రాసుకుంటుంది. ఫోటోను అది తిప్పదు. ఫోటోతో పాటు ఆ గుర్తును పంపుతుందంతే. గుర్తు చదవడం వచ్చిన యంత్రం దాని ప్రకారం తిప్పి చూపిస్తుంది. చదవడం రానిది ఉన్నదున్నట్టు చూపిస్తుంది. లోపలి గదిలో ఆమె కంప్యూటరు రెండో రకం. పాతది, దానికి ఆ చదువు లేదు.

ఇదంతా నిలబడ్డవాళ్లను తీసినప్పుడు. పడుకున్నవాళ్లను పైనుంచి తీయాలంటే కెమెరాను నేలవైపు దించాలి. అప్పుడు దానికి దిక్కు తోచదు. పైకీ కిందికీ తేడా ఉండదు. చివరగా ఎలా పట్టుకున్నారో ఆ గుర్తే రాసేసి ఊరుకుంటుంది. ఫోటో అక్కకు ఇది చేతులకు తెలుసు. స్టూలెక్కి, కెమెరాను ముందు తన గుండెలకు ఆనించి నిటారుగా పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, అప్పుడు మెల్లగా ముఖంమీదికి వంచుతుంది. ఆగడం ఎందుకని తాళాల తాత ఒకసారి అడిగాడు. దండం పెట్టుకుంటోందనుకున్నాడట.

"దానికి తల ఎటువైపో చెబుతున్నా" అంది.

"వినిపిస్తుందా దానికి?"

"నీ గుత్తి లోపలివాళ్లకు వినిపిస్తే, ఇదీ వినిపిస్తుంది."

మొన్నమొన్నటిదాకా ముఖాల ఫోటోలు కాగితంమీద అచ్చువేసి ముందు గదిలో బోర్డుకు గుచ్చేవాళ్లు. ఈమధ్యనే బోర్డు తీసేసి గోడకు పెద్ద స్క్రీన్ బిగించారు. బిగించిన కంప్యూటరాయన లోపలి గది గుమ్మంలోకి వచ్చి చేతులు దులుపుకుంటూ చెప్పాడు.

"ఇకమీద మీకు శ్రమ లేదక్కా. ఇది గుర్తు చదివి తనంతట తనే తిప్పుకుంటుంది."

"తప్పు తిప్పితే?"

"తప్పెందుకు తిప్పుతుందక్కా, మనిషి కాదుగా."

"మనిషైతే అనుమానం వచ్చి అడుగుతాడు" అన్నాడు తాళాల తాత. కంప్యూటరాయన నవ్వి, నిచ్చెన తీసుకుని వెళ్లిపోయాడు.

ముందు గదికి వచ్చేవాళ్లలో ఒక టైలరమ్మ ఉండేది. ఆమె తమ్ముడు ఇళ్లకు రంగులు వేసేవాడు. ఎక్కడో పని దొరికిందని బ్రష్షులు సంచిలో వేసుకుని వెళ్లాడు, తిరిగి రాలేదు. ఫోన్ మోగి మోగి కొన్నాళ్లకు మోగడం కూడా మానేసింది. టైలరమ్మ అన్ని ఆసుపత్రులకూ వరసగా తిరిగేది. ఇక్కడికి వచ్చినప్పుడు బెంచీమీద కూర్చుని, సంచిలోంచి ఏదో ఒక చొక్కా తీసి గుండీలు కుడుతూ ఉండేది.

"ఇక్కడ కూడా పనేనా అమ్మా?" అనేవాడు తాళాల తాత.

"చేతులు ఖాళీగా ఉంటే ఇక్కడినుంచి లేచి పారిపోతానేమోనని" అనేది ఆమె.

ఒకసారి తమ్ముడి ఫోటో ఫోన్లో చూపించింది. తాత ఆ ఫోన్ లోపలికి పట్టుకొచ్చి ఫోటో అక్కకు చూపించాడు. దట్టమైన జుట్టు, పెదవిని కప్పేసిన మీసం. ఎవరో పిలిస్తే పక్కకు తిరిగినట్టున్నాడు. ఫోటో అక్క జుట్టూ చూడలేదు, మీసమూ చూడలేదు. చెవి చూసింది. పాస్‌పోర్టు ఫోటోలు తీసినవాళ్లకు చెవులు గుర్తుంటాయి. రెండు చెవులూ కనబడాలని రూలు. జుట్టు వెనక్కి తోసి, తల అటూ ఇటూ సర్ది, ఎన్ని చెవులు చూసిందో. ఈ చెవికి కింద తమ్మె వేలాడదు, నేరుగా చెంపకు అతుక్కుపోయి ఉంటుంది. పైఅంచున వేలితో నొక్కినట్టు చిన్న మడత.

ఆమె ఫోన్ తిరిగిచ్చేసింది.

కొన్ని వారాలకు పైఅంతస్తు వార్డులోంచి ఒక మనిషిని కిందికి తెచ్చారు. రోడ్డు పక్కన పడి ఉంటే ఎవరో ఆసుపత్రిలో చేర్చి వెళ్లారట. తలకు దెబ్బ. ఆపరేషను కోసం గుండు గీశారు, గొట్టాల కోసం మీసం తీసేశారు. కొంతకాలం మాటా పలుకూ లేకుండా ఉండి, చివరికి చనిపోయాడు. ఒంటిమీద ఆసుపత్రి బట్టలు. ముఖం కాస్త ఉబ్బింది.

ఆ రోజు ఫోటోలు తీసే బల్ల చక్రం ఇరుక్కుపోయింది. తాళాల తాత తన్నాడు, తిట్టాడు, నూనె పోశాడు. కదలలేదు. శవం ఎత్తైన స్ట్రెచరుమీదే ఉండిపోయింది. స్టూలెక్కినా ఆమెకు ముఖం అందలేదు. కెమెరాను ముందుకు చాపి, ముఖం దాటించి, మణికట్టు తనవైపు వెనక్కి వంచి తీయాల్సి వచ్చింది. అలా వంచినప్పుడు కెమెరా పైఅంచు కిందికి దిగింది. కొద్దిగానే. ఆ కొద్ది చాలు దానికి. తిరగేసి పట్టుకున్నారని గుర్తు రాసుకుంది. ఆమె అది గమనించలేదు. చెయ్యి లాగుతోంది, కిందికి దిగాలి, అంతే ఆమెకు తెలిసింది.

లోపలి కంప్యూటర్లో ముఖం నిటారుగానే వచ్చింది. ఆమె పక్కనుంచి తీసిన ఫోటో తెరిచింది. చెంపకు అతుక్కున్న తమ్మె. పైన చిన్న మడత. చాలాసేపు చూసింది. తర్వాత ముఖాన్ని ముందు గదికి పంపించి, తాళాల తాతను పిలిచింది.

"టైలరమ్మకు కబురు పెట్టు."

"అతనేనా?"

"నాకేం తెలుసు. చూసుకోమను."

"ఎల్లుండి మున్సిపాలిటీ బండి వస్తుంది. ఎవరూ రానివాళ్లను తీసుకుపోతారు."

"అందుకే కబురు పెట్టమంటున్నా."

మర్నాడు ఉదయం టైలరమ్మ వచ్చింది. ఫోటో అక్క లోపల కూర్చుని లెన్సు తుడుస్తోంది. తలుపు ఓరగా తీసే ఉంది. తాళాల గుత్తి చప్పుడు, బెంచీ కిర్రుమనడం, తాత గొంతు వినిపించాయి.

"నిదానంగా చూడమ్మా. కంగారేం లేదు."

తర్వాత ఏ చప్పుడూ లేదు. ముందు గదిలో నిశ్శబ్దం ఎంత సాగితే జవాబు అంత చెడ్డదని ఫోటో అక్కకు అనుభవం. ఆమె లెన్సు తుడవడం ఆపలేదు.

"వాడు కాదు" అంది టైలరమ్మ.

"బాగా చూశావా?"

"చూశాను బాబాయ్. వాడు కాదు."

బెంచీ మళ్లీ కిర్రుమంది. టైలరమ్మ ఫోన్లో మాట్లాడుతోంది. "అమ్మా, వాడు కాదే. కాదంటున్నాగా. ఎవరో పాపం. నువ్వు ముందు ఏదన్నా తిను." చివరి మాటలు గుమ్మం దాటాక వినిపించాయి. మెట్లు గబగబా దిగుతోంది. వచ్చేటప్పుడు ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి ఎక్కిన మనిషి.

సరే, అనుకుంది ఫోటో అక్క. తోడబుట్టినదానికి తెలియనిది నాకేం తెలుస్తుంది. చెవులదేముంది, ఒకేలాంటి చెవులు లోకంలో ఎన్ని లేవు.

తాళాల తాత రెండు టీ గ్లాసులతో లోపలికి వచ్చాడు. ఒకటి ఆమె ముందు పెట్టి, గోడకు ఆనుకున్నాడు.

"అడుగుదామనుకుంటూనే ఉన్నా. ఈ మనిషినేంటి గబ్బిలంలా వేలాడదీశావు?"

"ఏ మనిషిని?"

"అదే, ఇప్పుడు చూపించినవాణ్ణి. గడ్డం పైకి, గుండు కిందికి. ఏదైనా కొత్త పద్ధతేమో అనుకున్నా. నువ్వు పంపావంటే ఊరికే పంపవు కదా."

ఆమె లేచింది. ముందు గదిలోకి వెళ్లింది. అక్కడ పనిచేస్తున్న ఇన్నేళ్లలో ఆమె ఆ గదిలో నిలబడింది బహుశా అదే మొదటిసారి. గది తను అనుకున్నంత పెద్దది కాదు. బెంచీ ఒక మూల అరిగి నున్నబడింది. గోడమీద స్క్రీన్ వెలుగుతోంది. అందులో గడ్డం పైన ఉంది, నుదురు కింద ఉంది. కళ్లు ఉండాల్సిన చోట నోరు ఉంది. నిన్న తన చేతులతో తీసిన ముఖాన్ని ఆమె పోల్చుకోలేకపోయింది. ముక్కెక్కడుందో తెలుస్తోంది. ఎవరి ముక్కో తెలియడం లేదు.

ఆమె కంప్యూటరాయనకు ఫోన్ చేసింది.

"మీరు కెమెరా తిరగేసి పట్టుకున్నారక్కా. గుర్తు అలాగే ఉంది. ఇది దాని పని సరిగ్గానే చేసింది."

"నేను తిరగేసి పట్టుకోలేదు. మనిషి పడుకుని ఉన్నాడు."

"అదే మరి. పడుకున్నవాళ్ల కోసం చేసింది కాదక్కా అది. కుడివైపు కింద వంకర బాణం ఉంటుంది. రెండుసార్లు నొక్కండి."

రెండుసార్లు నొక్కింది. మనిషి మొదట పక్కకు ఒరిగాడు, తర్వాత నిటారయ్యాడు. గోడమీద ఒక ముఖం వచ్చి కూర్చుంది. జుట్టు లేదు, మీసం లేదు. కానీ ముఖం ఉంది.

తాళాల తాత వెనక నిలబడి చూశాడు. టీ ఒక గుక్క తాగాడు.

"అయితే ఆ అమ్మాయి చూసింది..."

"ఏమీ చూడలేదు."

తాత బెంచీమీద కూర్చున్నాడు. గుత్తి ఒళ్లోకి తీసుకున్నాడు, చప్పుడు కాకుండా.

"వదిలెయ్ అక్కా. ఎంత తేలిగ్గా వెళ్లిందో చూడలేదు నువ్వు. నేను చూశా. ఎక్కడో బతికి ఉన్నాడని అనుకుంటుంది. అనుకోనీ. పోయినవాడు ఎటూ పోయాడు, మనం చెప్పామని లేచి రాడు."

"రేపు బండి వస్తుంది."

"వస్తుంది. తీసుకుపోతుంది. వచ్చిన ప్రతిసారీ అది తీసుకుపోయేవాళ్లలో ఒకడు."

"ఆమె తిరుగుతూనే ఉంటుంది. వారం వారం ఇక్కడికే వస్తుంది. నేను తీసిన ముఖాలే చూస్తుంది."

"కొన్నాళ్లకు తిరగడం మానేస్తారు. మానేసినవాళ్లను ఎంతమందిని చూడలేదు."

ఆమె తనకు ఏమైనా అనిపిస్తోందేమోనని చూసుకుంది. నొప్పి ఉందేమోనని పన్నును నాలుకతో తడిమి చూసుకున్నట్టు. ఏమీ లేదు. జాలి లేదు, భయం లేదు, తప్పు చేశానన్న బాధ కూడా లేదు. ఒకటే తెలుసు. ఆ అమ్మాయి ముఖం చూడలేదు. చూపించడం తన పని. ఆ పని జరగలేదు. ఆమె ఫోటోను కాగితంమీద అచ్చువేసింది, కవరులో పెట్టింది, సంచి భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?"

"కొట్టు ఎక్కడుందో చెప్పు."

"నా మాట వినవు" అన్నాడు తాత. తర్వాత దారి చెప్పాడు.

టైలరమ్మ కొట్టు ఒక ఇరుకు సందులో, చెప్పులు బాగుచేసే కొట్టుకూ గాజుపలకలు కోసే కొట్టుకూ మధ్య ఉంది. ఒక కుట్టుమిషను, ఒక బల్ల, గోడకు కొక్కేలు, కొక్కేలకు స్కూలు చొక్కాలు. ఫోటో అక్క వెళ్లేసరికి లోపల ఒక లావుపాటాయన ప్యాంటు పట్టుకుని వాదిస్తున్నాడు.

"బిగించి కుట్టావమ్మా నువ్వు."

"నేను కొలత ప్రకారమే కుట్టాను. మీరే బిగించి తిన్నారు."

"రెండు వారాల్లో అంత తింటానా?"

"ప్యాంటు అబద్ధం చెప్పదు బాబాయ్. ఇవ్వండి, వదులు చేస్తాను. ఈసారి ముందే చెప్పండి, పొట్టకు కూడా కలిపి కుడతాను."

ఆయన నవ్వుకుంటూ వెళ్లాడు. టైలరమ్మ కూడా నవ్వుతోంది. ఫోటో అక్క ఆమె గొంతు ఎన్నోసార్లు విన్నది గానీ ఎదురుగా ఎప్పుడూ చూడలేదు. అనుకున్నదానికంటే చిన్నది. నోట్లో రెండు గుండుసూదులు పట్టుకుని ఉంది.

"రండి అక్కా. కొలతలా, మరమ్మతా?"

"నేను ఆసుపత్రి నుంచి వచ్చాను. ఫోటోలు తీసేది నేనే."

టైలరమ్మ నోట్లోంచి గుండుసూదులు తీసి బల్లమీద దిండుకు గుచ్చింది. ఒకటి, తర్వాత రెండోది. స్టూలు ముందుకు జరిపింది.

"కూర్చోండి."

ఫోటో అక్క కూర్చుంది. ఏం చెప్పాలో దారిలో అనుకున్నది ఒక్కటే వాక్యం. అదే చెప్పింది.

"పొద్దున మీరు చూసిన ఫోటో తలకిందులుగా ఉంది. పొరపాటు నాది. ఇంకోసారి చూడాలి."

టైలరమ్మ వదులు చేయాల్సిన ప్యాంటు ఒళ్లోకి లాక్కుంది. కత్తెర మొనతో కుట్టు విప్పడం మొదలుపెట్టింది. దారం ముక్కలు నేలమీద పడుతున్నాయి.

"నాకు తెలుసక్కా" అంది.

ఫోటో అక్క కత్తెర మొననే చూసింది.

"తలకిందులుగా ఉందని ఎవరికి కనబడదు. గడ్డం పైనుంటే కనబడదా. మెడ కాస్త వంచితే సరిపోయేది. లేకపోతే తాళాల బాబాయ్‌తో చెబితే తిప్పి చూపించేవాడు. వంచలేదు. చెప్పలేదు." ఆమె దారం లాగి తెంపింది. "అబద్ధం కూడా చెప్పలేదు చూడండి. నేను చూసిన మనిషి మా వాడు కాదు. అలాంటి మనిషి అసలు ఎక్కడా ఉండడు."

"ఉండడు" అంది ఫోటో అక్క.

"అమ్మకు చెప్పాను. అమ్మ ఇవాళ కడుపు నిండా తింది. పక్కింటికి వెళ్లి మరీ చెప్పొచ్చింది." కత్తెర ఆగింది. "మీరు రాకపోయుంటే ఎన్నాళ్లు నడిచేదంటారు?"

"తెలియదు. రేపు బండి వస్తుంది. ఆ తర్వాత చూద్దామన్నా ఉండడు."

"అంటే ఇవాళ ఒక్కరోజే."

"ఇవాళే."

ఫోటో అక్క సంచిలో చెయ్యి పెట్టింది. కవరు అంచు వేళ్లకు తగిలింది.

"తీయకండి" అంది టైలరమ్మ. గట్టిగా అనలేదు. "కాగితంమీద వద్దు. చూస్తే మనిషినే చూస్తా. ఈ కుట్టు అయిపోనివ్వండి."

కుట్టు విప్పడం అయింది. ఇస్త్రీ పెట్టె వేడి చేసి మడత విప్పి నొక్కింది. తిరిగి మిషను కిందకు చేర్చి వదులుగా కుట్టింది. చివర ముడి వేసి, దారం పళ్లతో తెంపింది. రెండోవైపు కూడా అలాగే చేసింది. ఫోటో అక్క తొందరపెట్టలేదు. పక్క కొట్లో గాజు కోస్తున్న చప్పుడు సన్నగా వస్తోంది. ప్యాంటు మడిచి కొక్కేనికి తగిలించాక టైలరమ్మ లేచి మొహం కడుక్కుంది.

"పదండి."

బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. టైలరమ్మ కిటికీలోంచి చూస్తూ ఒక్కసారే మాట్లాడింది. వీధి చివర ఒక కొత్త ఇంటిని చూపించి, "ఆ నీలం వాడు వేసిందే. మరీ ముదురైందని ఇంటాయన తిట్టాడు" అంది.

మార్చురీలో తాళాల తాత వాళ్లను చూసి తలుపు తీశాడు. ఫ్రీజరు సొరుగు బయటికి లాగాడు. ఆ గదిలో గుమ్మంలోంచి వచ్చేవాళ్లకు మొదట శవం తలవైపే ఎదురవుతుంది. టైలరమ్మ తల దగ్గరే ఆగిపోయింది. అక్కడినుంచి చూస్తే మళ్లీ నుదురు కింద, గడ్డం పైన. ఆమె అలాగే నిలబడింది. ఫోటో అక్క గోడవైపు నిలబడింది. చెప్పాలా వద్దా అని తాత ఆమెవైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

టైలరమ్మ సొరుగు అంచు పట్టుకుని చుట్టూ నడిచి వచ్చింది. భుజం దాటింది, మోచెయ్యి దాటింది. అప్పుడు ఆగి, తలెత్తి, అతని ముఖంలోకి చూసింది.

"మీసం తీసేస్తే మా నాన్నలా ఉన్నాడు" అంది.

కాసేపయ్యాక, "వీడే" అంది.

దుప్పటి ఒకవైపు జారి ఉంటే సర్దింది. అంచులు రెండువైపులా సమానంగా వచ్చాయో లేదో చూసి, ఎడమవైపు కొంచెం లాగింది. తర్వాత చేతులు ఏం చేసుకోవాలో తెలియనట్టు పక్కకు వేలాడదీసింది. తాత సొరుగు మెల్లగా లోపలికి తోశాడు. గుత్తి చప్పుడు కాకుండా రెండో చేత్తో పట్టుకున్నాడు. కాగితాలు రాసే కానిస్టేబుల్‌ను పిలుచుకొస్తానని బయటికి వెళ్లాడు.

ముందు గదిలో స్క్రీన్‌మీద ముఖం ఇంకా ఉంది, నిటారుగా. ఫోటో అక్క వెళ్లి దాన్ని ఆర్పేసింది. టైలరమ్మ బెంచీమీద అరిగిన మూలన కూర్చుంది. ఫోటో అక్క ఆమె పక్కన కూర్చుంది.

"పొద్దున నన్ను వదిలేసి ఉంటే బాగుండేది" అంది టైలరమ్మ.

"బాగుండేది" అంది ఫోటో అక్క.

"మరెందుకొచ్చారు?"

ఫోటో అక్క ఆలోచించింది. "మీకు చూపించడం అవలేదు" అంది.

టైలరమ్మ తల ఊపింది, అది జవాబే అన్నట్టు. సంచి ఒళ్లో పెట్టుకుంది. సంచిలో చొక్కా ఉంది, గుండీలున్నాయి. తీయలేదు.

"రోజూ చూస్తారు కదా. మీకేమైనా అనిపిస్తుందా అక్కా?"

"లేదు."

"నాకూ ఇప్పుడేమీ అనిపించడం లేదు. అమ్మతో ఎలా చెప్పాలా అని కూడా లేదు. రాయిలా ఉంది."

"మీకు అనిపిస్తుంది" అంది ఫోటో అక్క.

"ఎప్పుడు?"

బయట వరండాలో ఎవరో నీళ్ల డ్రమ్ము దొర్లించుకుపోతున్నారు. ఆ చప్పుడు దగ్గరికి వచ్చి, గుమ్మం దాటి, మలుపు తిరిగి, అణిగిపోయింది. తాళాల తాత ఇంకా రాలేదు.

"మీరు లోపలికి వెళ్లండి. పనుంటుంది కదా" అంది టైలరమ్మ.

"ఉంది" అంది ఫోటో అక్క.

లేవలేదు.